మాడు నాది

మా వంటన్న పోయినాడని మొన్న శుక్రవారం పొద్దున కోనసీమ నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. "నిజమేనా తల్లీ?" అని రెండుసార్లు అడిగినా. అబద్ధాలాడే నోరు నాది, ఎదుటోళ్ళ మాట నమ్మడం అలవాటు లేదు.

సాయంత్రానికల్లా ఇక్కడ కువైట్‌లో గోదావరోళ్ళు ఒక హాల్లో సంతాపసభ, మా కడపోళ్ళు ఇంకో హాల్లో ఇంకొకటి అనుకున్నారు. పోయిన మనిషి ఒకడే కదప్పా! నాకు ఒళ్ళు మండింది. ఈ మంట ఇప్పటిది కాదు, ఇరాకోళ్ళు కువైట్ మీద పడినప్పటిది.

అప్పుడు మేము సులైబియాలో ఒక గోడౌన్ వెనక రేకుల షెడ్డులో ఉండేవాళ్ళం. సగం కడప, సగం కోనసీమ. వండేది కోనసీమ మనిషి, అందరికీ ఆయన వంటన్న. పెద్ద డేగిసాలో అందరికీ ఒకటే అన్నం, ఒకటే తిట్లు. అందరూ తిన్నాక అడుగంటింది గీక్కొని, "అన్నం మీది, మాడు నాది, ఆయ్" అని మూలన కూర్చునేవాడు. ఒకసారి ఆ మాడులో పచ్చిమిరపకాయలు దాచినా. కళ్ళనీళ్ళు కారుతా ఉన్నా నమిలి మింగి, "బాగుందిరా, రేపు ఇంకో రెండెయ్యి" అన్నాడు. నన్ను అట్లా ఓడించినోడు ఇంకొకడు లేడు.

ట్యాంకులు వచ్చినాయి, మాకు వీసా ఇచ్చి పని పెట్టిన కఫీల్ సౌదీకి పారిపోయినాడు, పని ఖలాస్. బయట అంత యుద్ధం జరుగుతా ఉంటే, మేము లోపల ఇంకొకటి మొదలుపెట్టినాం! ఎవడు ఎక్కువ తిన్నాడనే మాట సీమ, కోస్తా గొడవ అయ్యింది. మావోళ్ళు బియ్యం మూటలు లాక్కున్నారు, వాళ్ళు గ్యాసు పొయ్యి లాక్కున్నారు. మధ్యలో మంచాలు నిలబెట్టి సరిహద్దు కట్టినారు. ఇంక చూడండి మా తెలివి: మేము నానబెట్టిన బియ్యం నమిలినాం, వాళ్ళు వేడినీళ్ళు తాగినారు.

"మా పక్కకు రా అన్నా" అని మేము. "మీరు మనోళ్ళు కదండీ" అని వాళ్ళు. వంటన్న ఖాళీ డేగిసా తెచ్చుకొని మంచాల దగ్గర కూలబడినాడు.

"అక్కడ దేశాన్నే మింగేత్తున్నారు, మీకు నా గరిట కావాలేంట్రా? ఒక పక్కకి వండటం నాకు రాదు."

ఆకలికి ఒకడు కళ్ళు తిరిగి పడిపోతే, రొట్టెలు తెస్తానని ఆయనే బయటికి పోయినాడు. దారి నిండా సైనికులు. మధ్యాహ్నమైంది, రాలేదు. పొద్దు వాలింది, రాలేదు.

"మీ ఊరోడే కదా, మీరు పోయి వెతకండి" అన్నారు మావోళ్ళు.

"మీకు వండి పెట్టలేదేంటి? మీరే ఎల్లండి" అన్నారు వాళ్ళు.

మనిషి బతికి ఉండాడో లేదో తెలీదు, వీళ్ళకు వంతులు కావాల! రెండు పక్కలనూ నోటికొచ్చినట్టు తిట్టి, మంచాలను కాలితో తన్ని, చెప్పులేసుకుంటా ఉంటే తలుపులో ఆయనే కనపడినాడు. చొక్కా చినిగింది, ఒక బుగ్గ వాచింది, చేతుల్లో ఏమీ లేదు.

"రొట్టెలు లాగేసుకున్నార్రా" అన్నాడు. అంతే.

 మావోడొకడు బియ్యం మూట విప్పినాడు. అటు నుంచి గ్యాసు బండ దొర్లుకుంటా వచ్చింది. అందరికీ పెట్టినాక, వాచని బుగ్గతో ఆయన మాడు నమిలినాడు.

అందరం ఊర్లకు పోయి, యుద్ధం అయినాక మళ్ళీ కువైట్ వచ్చినాం. ఆయనా వచ్చి, చేతులు వణికేదాకా వండి ఊరికి పోయినాడు. ఆయన చేతికూడు తిని పెరిగినోళ్ళే ఇప్పుడు రెండు సభలు పెట్టింది.

అందుకే ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేసి, "హాలు మారింది" అని మిర్కాబ్‌లో ఒకే చోటు చెప్పినా. వచ్చినారు. ఒకరి మొహాలు ఒకరు చూసుకొని నన్ను తిట్టినారు.  మధ్యలో ఒక డేగిసా నిండా అన్నం పెట్టినా. తిన్నారు, అదీ రెండు వరుసల్లో కూర్చొని. సిగ్గన్నది ఉంటే కదా!

అన్నం అయిపోయింది. ఎవరో మారు వడ్డనకని గరిట ముంచితే, అడుగున గర్రుమని శబ్దమైంది. ఆ చెయ్యి ఆగిపోయింది. రెండు వరుసలూ డేగిసా వైపే చూస్తా కూర్చున్నాయి. ఆ మాడు ఎవరూ ముట్టుకోలేదు.