ట్యాంకరు కాడ దెయ్యం

నాకు చెత్త దెయ్యం సినిమాలంటే ప్రాణం. మంచివి కూడా చూశాను. బాగానే ఉంటాయి కానీ వాటిలో నాకు పని ఉండదు. భయపెట్టినప్పుడు భయపడి, దీపాలు వెలిగాక ఇంటికి వచ్చేయడమే. చెత్త సినిమా అలా కాదు. చచ్చినవాడి కడుపు ఎగసిపడుతుంటుంది. తలుపు దానంతటదే తెరుచుకుంటుంటే దానికి కట్టిన దారం కనిపిస్తుంది. వందేళ్ల కిందట చచ్చిన జమీందారు చేతికి వాచీ తీయడం మర్చిపోయి ఉంటారు. చిన్నప్పుడు మా పక్కింట్లో సీడీ పెడితే పిల్లలమంతా చాపల మీద కూర్చుని ఇలాంటివి వెతికేవాళ్లం. ముందుగా ఎవరు కనిపెడితే వాళ్లకు బొరుగుల్లో ఎక్కువ వాటా. అయినా, దారం కనిపిస్తున్నా సరే, తలుపు తెరుచుకునేటప్పుడు ఒకరి చెయ్యి ఒకరం గట్టిగా పట్టుకునేవాళ్లం. ఆ రెండూ ఒకేసారి ఎలా కుదిరేవో నాకు ఇప్పటికీ తెలియదు.

వాటిలో నాకు ఒళ్లు మండేది ఒక్కటే. స్నానం. ఆ సినిమాల్లో ఆడదెవరైనా చావాలంటే ముందు స్నానం చెయ్యాలి. చంపేవాడు బయట కత్తి పట్టుకుని ఎంతసేపైనా ఓపిగ్గా నిలబడతాడు. చచ్చి దెయ్యమయ్యాక కూడా ఆమె తెల్లచీరతో వానలో తడవాల్సిందే. ఆ సీను పాట వినపడగానే మా అమ్మ మా వంటింట్లోంచి కేకేసేది, పోయి నీళ్లు పట్టుకురమ్మని. తెర మీద ఎవరో పీపాలు పీపాలు పోసుకుంటుంటే నేను ఖాళీ బిందె చంకనేసుకుని బోరింగు దగ్గరకు పోయేదాన్ని. కథలో అసలు సంగతి ఎప్పుడూ నేను లేనప్పుడే జరిగిపోయేది. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

ఇప్పుడు నేను రాయదుర్గంలో ఒక బట్టల యూనిట్లో జీన్సు ప్యాంట్లకు జేబులు కుడతాను. మా అన్న అదే యూనిట్లో కటింగ్ మాస్టరు. మా ఊరి నుంచి ఇద్దరం ఒకే బస్సులో పోయి వస్తాం. నాకున్న దెయ్యాల పిచ్చే మా అన్నకూ ఉంది. అయితే నేను చూసి ఊరుకుంటాను, ఆయన తీస్తాడు. ఫోనుతోనే తీసి, ఫోనులోనే అతికించి, యూనిట్లో అందరికీ చూపిస్తాడు. మొదటి సినిమాకు అందరూ నవ్వారు. రెండో సినిమాకు ఇంకా ఎక్కువ నవ్వి, మళ్లీ వెయ్యమన్నారు. అన్న కూడా వాళ్లతో కలిసి నవ్వాడు కానీ, ఆ రోజు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఒక్కరన్నా భయపడాల పాపా," అన్నాడు దిగేటప్పుడు. "అంతమందిలో ఒక్కరు. నేను తీసిన దానికి ఒక్క గుండన్నా దడదడ కొట్టుకోవాల. అంతకంటే నాకేం వద్దు."

వదినది కూడా ఒక మాట ఉంది. ఆదివారమొస్తే ఇంటి పట్టున ఉండని మనిషితో ఎవరికైనా విసుగొస్తుంది. "మూడోది తీసుకో. ఇదీ నవ్వులాటే అయిందంటే, ఆ ఫోను స్టాండు నరికి పొయ్యిలో పెడతా," అంది. స్టాండు కర్రది, అన్న స్వయంగా చేసుకున్నది. వదిన అన్నంత పనీ చేసే మనిషని మా ఇంట్లో అందరికీ తెలుసు.

మూడో సినిమాలో దెయ్యం నేనే. కథ చెబుతున్నప్పుడే గొడవ మొదలైంది. ఒకామెను బావిలోకి తోసి చంపుతారు, ఆమె దెయ్యమై తిరిగొస్తుంది అన్నాడు అన్న.

"మన బావుల్లో నీళ్లు యాడుండాయి?" అంది వదిన పప్పు రుబ్బుతూనే. "పడితే నడుం విరుగుతాది. చావదు."

"సినిమా కదమ్మే!" అన్నాడు అన్న.

"దెయ్యం రాకముందు స్నానం సీను ఒకటుంటాది," అన్నాడు మళ్లీ, మెల్లగా, నా వైపు చూడకుండా. "నువ్వు కాదులే. వేరే ఎవరినన్నా చూస్తాలే. అది లేకపోతే జనం చూడరు పాపా."

నేను లేచి నిలబడ్డాను. "అన్నా, ఈ ఊర్లో తాగనీకే నీళ్లు లేవు, దెయ్యానికి స్నానం ఏటికి? చచ్చేదానికి తలంటు పోసుకునేది ఒకటే తక్కువైంది. ఆ సీనుంటే నేను రాను. వేరే దెయ్యాన్ని చూసుకో."

వేరే దెయ్యం ఆయనకు దొరకదు. నా జుట్టు మోకాళ్ల దాకా ఉంటుంది, సవరం ఖర్చు లేదు. చివరికి రాజీ కుదిరింది. ఎండిపోయిన బావి పక్కన పశువులు తాగడానికి రాతితొట్టి ఉంది. దాన్ని నింపితే, దెయ్యం అందులోంచి లేస్తుంది. నిండుచేతుల జాకెట్టు, చీర కొంగు చుట్టూ పిన్నులు, అన్నీ నా లెక్క ప్రకారమే. తొట్టి నింపడానికి ఒక ట్యాంకరు మాట్లాడాడు.

మాకు లైట్లు లేవు కాబట్టి రాత్రి సీన్లన్నీ మిట్టమధ్యాహ్నమే తీశాం. తర్వాత ఫోనులో నీలంరంగు పులిమితే చీకటైపోతుందని అన్న నమ్మకం. మా ఎండ సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. దెయ్యం గంభీరంగా నడుచుకుంటూ రావాలా, కింద బండలు పెనంలా కాలుతుంటే నేను గంతులేసుకుంటూ వచ్చాను. చివరికి చీర కుచ్చిళ్ల కింద రబ్బరు చెప్పులు వేసుకోనిచ్చాడు. శవానికి యూనిట్లో పనికిరాని ప్యాంటులో జీన్సు ముక్కలు కూరిన బొమ్మను పడుకోబెట్టాం. రక్తానికి బెల్లంపాకంలో కుంకుమ కలిపితే ఈగలు ముసిరాయి. నా మూతి మీద కూడా. నేను విదిలించుకుంటుంటే అన్న మురిసిపోయాడు. "తోలొద్దు, తోలొద్దు! ఎంత బాగా చేస్తాండాయి చూడు!"

ట్యాంకరు డ్రైవరుకు ముందే చెప్పి ఉంచాడు అన్న, సద్దు లేకుండా బావి దగ్గరకు రమ్మని, హారన్ కొట్టొద్దని. డ్రైవరు సరేనన్నాడు. కానీ పాపం, ఎండాకాలమంతా ఊరూరికీ నీళ్లు తోలే మనిషి. ఊరి మలుపు రాగానే చెయ్యి దానంతటదే హారన్ మీదకు పోయింది. పొడుగ్గా, మూడు వీధులకూ వినిపించేలా కొట్టాడు.

మా ఊళ్లో ఆ శబ్దానికి నిద్రపోయేవాళ్లు కూడా లేచి బిందె పట్టుకుంటారు. నేను తొట్టి పక్కన దెయ్యం వేషంలో నిలబడి చూస్తుండగానే, వీధుల్లోంచి ఆడవాళ్లు రంగురంగుల ప్లాస్టిక్ బిందెలతో పరుగెత్తుకొచ్చారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే వరస కట్టారు. అన్న చేతులడ్డం పెట్టి, "అమ్మా, ఇవి సినిమా నీళ్లు, సినిమా నీళ్లు!" అని మొత్తుకున్నాడు.

"సినిమా నీళ్లయితే ఏమప్పా, తాగితే దప్పిక తీరదా?" అంది ఒకామె, పైపు లాక్కుంటూ.

తొట్టిలోకైనా కొన్ని పట్టుకుందామని నేను ముందుకు పోయాను. జుట్టు విరబోసుకుని, మూతి నిండా రక్తంతో. ఒక్కరు కూడా జడుసుకోలేదు. "ఏమ్మే, దెయ్యమైతే మాత్రం? లైన్లో రా!" అని రెక్క పట్టి వెనక్కి లాగారు. నేను వరసలో నిలబడే తొట్టికి సగం నీళ్లు సంపాదించాను.

ఆ సగం కూడా ఎవరైనా ముంచుకుపోతారని అన్నకు భయం. వెనక జనం ఉండగానే ఫోను స్టాండు నిలబెట్టి, "దిగు, దిగు, లెయ్యి!" అన్నాడు. నేను చెప్పులు విడిచి తొట్టిలో మునిగి లేచాను. తడిజుట్టు మొహమంతా కప్పేసి ఏమీ కనిపించలేదు. చేతులు చాపి, తొట్టి గట్టు మీద కాలు పెట్టి, ఒక్క ఊపున ఇవతలికి దూకాను. కాలికి ఏదో తగిలింది. ఒకటి కాదు, రెండు.

అవి మా వీధి చివర ఒంటరిగా ఉండే అవ్వ బిందెలు. ఆమె మొయ్యలేదు కాబట్టి ఎవరో నింపి ఇచ్చి, తర్వాత ఇంటికి చేరుస్తామని తొట్టి పక్కన పెట్టించారు. రెండూ పల్లంలోకి దొర్లాయి. అవి ఆగేలోపే నేల ఆ నీళ్లు తాగేసింది. అవ్వ కింద కూర్చుని తడిసిన మట్టి మీద అరచెయ్యి ఆనించి అలా ఉండిపోయింది. అప్పటికి ట్యాంకరు ఖాళీ అయిపోయింది. నాకు ఏడుపొచ్చింది. వేషంతోనే ఇంటికి పోయి, వదిన పట్టి పెట్టిన మా నిండు బిందెలు రెండూ తీసుకొచ్చి ఆమె గడపలో దించాను. "పోనీలే పాపా," అంది.

ఆ వారం బస్సులో అన్న ఫోను నా చేతికిచ్చి, "చూడు," అన్నాడు. దొర్లిన బిందెలు, తాగేసిన నేల, అవ్వ చెయ్యి, అంతా అందులో పడింది. నేను తీసెయ్యమన్నాను.

"ఏటికి? స్నానం వద్దంటివి, తీసేస్తి. దీంట్లో అందరి ఒంటి మీదా బట్టలుండాయి కదా?"

"బట్టలుంటే సరిపోతాదా అన్నా? అది అవ్వ బాధ. దాన్ని పెట్టి జనానికి చూపిస్తే ఆ స్నానాల సినిమాలకూ మనకూ తేడా ఏముండాది?"

అన్న బస్సు దిగి ఇంటికి పోలేదు, నేరుగా అవ్వ దగ్గరకు నడిచాడు. నేను వెనకే పోయాను. ఆమెకు ఫోనులో చూపించాడు. అవ్వ ఫోనును దూరంగా, దగ్గరగా పెట్టి చూసింది.

"ఇది నేనేనా? ఇంత ముసిల్దాన్నయిపోతినా?" అని నవ్వింది. మళ్లీ చూసింది. ఈసారి నవ్వలేదు. "ఉండనీప్పా. కానీ దెయ్యం ఒలకబోసి ఊరికే పోతే ఎట్ల? నింపాల. నింపి నా ఇంట్లో పెట్టాల."

"దెయ్యం నీళ్లు మోస్తే ఎవరు భయపడతారవ్వా?" అన్నాడు అన్న దీనంగా.

"అది నాకేం తెల్సు? పెడితే పెట్టు, లేకుంటే నా మొగం తీసెయ్యి."

ఆ విధంగా మా సినిమాకు ముగింపు అవ్వ రాసింది. ఖాళీ బిందెలతో కానిచ్చేద్దామని అన్న అంటే దానికీ ఒప్పుకోలేదు. "మెడ చూస్తేనే తెల్సిపోతాది," అంది. ఎప్పుడో ఒకసారి వచ్చే ఊరి కుళాయి వచ్చిన రోజు నిజం నీళ్లతో తలమీద ఒకటి, నడుం మీద ఒకటి పెట్టుకుని, బావి దగ్గర నుంచి అవ్వ గడప దాకా బండల మీద నడిచాను. రెండు చేతులూ బిందెలకే సరిపోయాయి, ఇంక జుట్టును, చెప్పులను ఎవరు చూసుకుంటారు? అన్న ఆపకుండా తీశాడు, కానీ మొహం వాడిపోయి ఉంది. భయపెట్టే సినిమాను తన చేతులతోనే పాడు చేసుకుంటున్నానని అనుకున్నాడు పాపం.

ఆదివారం మధ్యాహ్నం యూనిట్లో, ఫోనును ఆ కర్రస్టాండు మీదే ఉంచి, అద్దె ప్రొజెక్టరుతో గోడకు కట్టిన తెల్లదుప్పటి మీద వేశాం. కిటికీలకు జీన్సు గుడ్డ కట్టేసరికి లోపల కటిక చీకటైంది. కుట్టేవాళ్లు, వాళ్ల పిల్లలు, మా ఊరి ఆడవాళ్లు, అందరూ గుడ్డల బేళ్ల మీద కూర్చున్నారు. అవ్వ నా పక్కనే కూర్చుంది. వదిన వెనక నిలబడింది, చేతులు కట్టుకుని. నీలం పులిమిన మధ్యాహ్నాన్ని చూడగానే నవ్వులు మొదలయ్యాయి. దెయ్యం గంతులకు ఈలలు వేశారు. జీన్సు శవం బొత్తాం మెరిస్తే, "అది మనం కుట్టిన లాటుదే!" అని ఎవరో అరిచారు. నేను కూడా కడుపు పట్టుకుని నవ్వాను, ఏం చెయ్యను, నవ్వొచ్చింది. అన్న మాత్రం తల వంచుకుని గోడ పక్కన నిలబడి ఉన్నాడు.

అప్పుడు దెయ్యం తొట్టిలోంచి దూకింది. బిందెలు పడ్డాయి.

"అయ్యయ్యో!"

హాలు హాలంతా ఒక్కసారే అంది. పక్కనున్న పిల్ల కెవ్వుమంది. అవ్వ చెయ్యి తెర మీద మట్టికి ఆనేసరికి ఎవరూ కదల్లేదు. తర్వాత దెయ్యం బిందెలు నింపుకుని నడక మొదలుపెట్టింది. నవ్వుతారని నేను కాచుకుని కూర్చున్నాను. చప్పుడే లేదు. దెయ్యం కాలు ఒక రాయి మీద కాస్త జారింది. "చూసుకో, చూసుకో!" అంది ఒకామె తెరతో. అవ్వ నా మణికట్టును గోళ్లు దిగేలా పట్టుకుంది. చేసినదాన్ని నేనే, ఒక్క చుక్క పోలేదని తెలిసినదాన్ని నేనే, అయినా నా గుండె కూడా దడదడలాడింది. గడప దగ్గర బిందె దించాక హాలంతా ఊపిరి వదిలింది.

కిటికీ గుడ్డలు తీస్తుంటే అన్న వచ్చి అవ్వ ముందు గొంతుక్కూర్చున్నాడు. "భయమేసిందా అవ్వా?"

"ఏసిందప్పా. ఎంత భయమేసిందో! మళ్లీ యాడ పడేస్తాదో ఆ పాడు ముండ అని."

ఆ పాడు ముండను నేనే. అన్న నా మొహం చూశాడు, కళ్లు తుడుచుకున్నాడు, నవ్వాడు. వెనక నిలబడ్డ వదిన కర్రస్టాండు కాళ్లు మడిచి, ఒక జీన్సు ముక్కలో చుట్టి, బస్సులో తన ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చింది.