బల్లకోడుకు కట్టిన దారం

మా బడి నగరిలో మరమగ్గాల వీధి చివర ఉంది. రెండో తరగతి పిల్లలకు స్నేహం గురించి చెప్పాలని ఆ రోజు బొమ్మల కథల పుస్తకం తెరిచాను. కథలో ఒక ఉడుత, వానకు తడిసిన పిచ్చుకకు తన తొర్రలో సగం చోటు ఇస్తుంది. చదవడం అయ్యాక, పిల్లలు ఇళ్ల నుంచి తెచ్చిన మిగులు దారాలను జడలా అల్లి, ఇష్టమైన స్నేహితుల చేతికి కట్టమన్నాను.

గదంతా సంతయింది. ఒక పిల్ల మాత్రం తన ఎర్ర దారాన్ని పక్కన ఖాళీగా ఉన్న చోటు దగ్గర బల్లకోడుకు కడుతోంది. అసలే నాకు కోపం ముక్కు మీదుంటుంది.

"కథంతా ఇని బల్లకు కడతావా?" అంటూ కత్తెరతో దాన్ని కత్తిరించేశాను.

పిల్ల ఏడవలేదు. తెగిన కొసలు రెండూ వేళ్ల మధ్య తిప్పి, మగ్గం మీద తెగిన పోగును అతికినట్టే ముడి వేసింది. నేత ఇళ్లలో పిల్లలకు అది చూస్తూనే వచ్చేస్తుంది.

"తెగితే అతకల్ల టీచర్, మా నాయన చెప్పినాడు. ఇది ఆ పాపకు. ఊర్నించి వస్తే ఈడనే గదా కూర్చునేది."

ఆ చోటు ఈ పిల్ల స్నేహితురాలిది. మగ్గాలు ఆగిపోయి, ఆ పాప తండ్రి నాయుడుపేటలో కంపెనీ పనికి కుదిరాడు. వాళ్లు టీసీ తీసుకుని వెళ్లి నెలయింది. ఈ పిల్ల అడిగినప్పుడల్లా, ఏడుస్తుందని, "ఊరికి పోయుండాది, వస్తాది" అని దాటవేస్తూ వచ్చాను. పిరికితనం, అంతే.

ఆ ఖాళీ చోటులో కూర్చుని నిజం చెప్పాను. "ఇంక రాదమ్మా. ఆడనే బళ్లో చేరింది."

"నాకు చెప్పకుండానే పోయిందా టీచర్?"

చెప్పకుండా పోలేదు. టీసీ తీసుకున్న రోజు ఆ పాప తండ్రి చెయ్యి పట్టుకుని తరగతి గుమ్మంలో నిలబడింది. లోపల పరీక్ష జరుగుతోంది. "పిల్లోళ్లు రాస్తా ఉండారు, ఇప్పుడు కాదు" అని నేనే పంపించేశాను. ఇప్పుడు నోరు మూసుకుంటే ఆ తప్పు ఆ పాప మీద పడుతుంది.

"చెప్పేదానికే వచ్చినాది. నేనే లోపలికి రానీలేదు."

పిల్ల నా ముఖంలోకి చూసింది. నెమ్మదిగా అంది.

"ఆడనుంచి లెయ్యండి టీచర్. అది ఆ పాప చోటు."

లేచాను.