మాస్టారు పంపిన వాటా

సోమవారం పొద్దున్న టీ గ్లాసు చేతిలో ఉండగానే మా మాస్టారు పోయారు. ఆయన భార్య ఫోన్ చేసి, "అమ్మా, మేస్టారు పిలిస్తే పలకటం లేదే" అన్నారు. మల్కాపురంలో మా సందు దాటితే వాళ్ళ సందు. పరిగెత్తాను. ఆ మొహం చూడగానే డాక్టరుతో పని లేదని తెలిసిపోయింది.

ఆయన నాకు డిగ్రీలో అర్థశాస్త్రం చెప్పారు. రిటైరయ్యాక ఇంటి వరండాలోనే రెండు బెంచీలూ ఒక నల్లబల్లా వేసుకుని, పోర్టు కూలీల పిల్లలకీ రిఫైనరీ వాళ్ళ పిల్లలకీ పాఠాలు చెప్పేవారు. ఈవేళ నేనూ ఒక కాలేజీలో అదే సబ్జెక్టు చెప్పుకుని బతుకుతున్నానంటే ఆయన చలవే.

ఒక పాఠమంటే ఆయనకి మహా ఇష్టం. మన దేశం కంపెనీలు బయటి దేశాల్లో ఫ్యాక్టరీలు పెట్టడానికో కొనడానికో ఏడాదిలో ఎంత పెట్టుబడి పంపాయి? దేశాలన్నీ కలిసి పంపిన మొత్తంలో అది ఎన్నో వంతు? ఈ లెక్క మొదలెట్టే ముందు బోర్డు మీద ఒక పెద్ద సున్నా చుట్టి, "ఇది వల" అనేవారు. ఆయన తండ్రి హార్బర్లో పడవల మీద పనిచేసినాయన. పడవ ఒడ్డుకొచ్చాక చేపలు కుప్ప పోసి, పడవకింత, వలకింత, మనిషికింత అని వాటాలేస్తారు కదా, ఆ వాటాల మధ్య పెరిగిన మనిషి. "సగం నాదే అని గెంతితే సాలదు. వల్లో ఏటి పడ్డాదో ముందు సూడాల" అనేవారు. పుస్తకంలో నాలుగు పేజీలు తినే సంగతి మాకు ఆ ఒక్క మాటతో ఎక్కేసేది.

ఆ పాఠమే ఆయన కొంప ముంచింది.

మాస్టారి తమ్ముడు గాజువాక వైపు ఒక ప్రైవేటు ఇనప ఫౌండ్రీలో పనిచేసేవాడు. వాళ్ళ కంపెనీ విదేశంలో ఒక ఫ్యాక్టరీని కొన్న రోజున కార్మికులందరికీ లడ్డూలు పంచారు. ఆయన ఆ పొట్లం పట్టుకుని నేరుగా అన్నగారింటికే వచ్చాడు. నేనక్కడే ఉన్నాను.

"అన్నియ్యా, నోరు తీపి సేసుకో. మావోళ్ళు ఫారిన్లో ఫ్యాక్టరీ కొనీసినారు! బయట పెట్టుబడుల్లో మన దేశం వాటా పెరిగిందని పేపర్లో కూడా ఏసినాడు!"

ఆ లడ్డూ నోట్లో వేసుకుని ఊరుకోవచ్చు కదా! ఊరుకోరే. లేచి బోర్డు మీద రెండు సున్నాలు చుట్టారు, నిరుడు పెద్దది, ఈ ఏడు చిన్నది. "మనం పంపింది కూడా తగ్గిందిరా. ప్రపంచం మొత్తం ఇంకా ఎక్కువ తగ్గింది. అందుకే మన వాటా పెరిగినాది. బయట కొనడం తప్పని నాను అనను. అప్పు సేసి కొన్నారేటో కనుక్కో. అప్పయితే దెబ్బ ముందు మీమీదే పడతాది."

తమ్ముడి మొహం నల్లబడిపోయింది. "నీ నోట్లోంచి ఒక్క మంచి మాట రాదేటి?" అని లేచాడు. అప్పటికీ ఇద్దరూ లడ్డూ చేతిలో పట్టుకునే ఉన్నారు, ఎవరూ తినలేదు.

ఆయన అన్నట్టే, అప్పు చేసి కొన్నదే అది. విదేశంలో కొన్నది నడవలేదు, ఇక్కడ ముందు ఒక షిఫ్టు ఆపారు, తర్వాత గేటుకి తాళం వేశారు. తమ్ముడు వీధిలో నిలబడి, "పచ్చగా ఉన్నదాన్ని నోటితో కాల్సీసినావ్! ఇంక నీ గడప తొక్కను" అని అరిచి వెళ్ళిపోయాడు. లెక్క చెప్పినవాణ్ణి శాపం పెట్టినవాడిలా చూశారు మనుషులు. ఆ సందులో కొందరు పొద్దున్నే మాస్టారు ఎదురొస్తే తల తిప్పుకునేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆయన మాత్రం, "నిజమే సెప్పినాను తల్లీ, కానీ లడ్డూ తిన్నాక సెప్పాల్సింది" అనేవారు.

అప్పటినుంచీ ప్రతి ఆదివారం హార్బరుకి వెళ్ళి రెండిళ్ళకి సరిపడా వంజరం చేప తెచ్చేవారు. పులుసు పెట్టించి, తమ్ముడి వాటా స్టీలు డబ్బాలో పోయించేవారు. మోసే పని నాది. నా స్కూటరు చూడగానే ఆ ఇంటి తలుపు సగం మూసుకునేది. అరుగు మీద పెట్టి వచ్చేదాన్ని. సాయంత్రానికి ఆ డబ్బా సంచీతో సహా మా గేటుకి వేలాడుతూ ఉండేది, మూత కూడా తియ్యకుండా. వెనక్కి తీసుకెళ్ళి ఇస్తుంటే మాస్టారు ఏమీ అడిగేవారు కాదు, డబ్బా బరువు చూసి లోపల పెట్టేసేవారు. ఆ బరువు చూడ్డం నేను జన్మలో మర్చిపోలేను.

మొన్న ఆదివారం మాత్రం సాయంత్రం గేటు ఖాళీగా ఉంది. చీకటి పడ్డాక ఫోన్ చేశాను. "డబ్బా ఇంకా రాలేదు మేస్టారూ."

"రాలేదా?" అన్నారు. "తినీసాడేటి? రేపు కూడా రాకపోతే బాగుణ్ణమ్మా."

నేను విన్న ఆఖరి మాట అది.

ఆయన్ని వరండాలోనే పడుకోబెట్టారు, బెంచీలు గోడకి జరిపి. మధ్యాహ్నం దాటుతుండగా తమ్ముడొచ్చాడు. ఏడవలేదు, దండం పెట్టలేదు. పిల్లలు కూర్చునే ముందు బెంచీ మీద, నల్లబల్లకి ఎదురుగా కూలబడ్డాడు. ఒళ్ళో తోమి మెరుస్తున్న స్టీలు డబ్బా. "రాత్రే వద్దామనుకున్నాను వదినా" అన్నాడు. "పొద్దుపోయింది, పడుకుని ఉంటాడు, లేపడమెందుకని..."

తీసుకుందామని మాస్టారి భార్య చెయ్యి చాపింది. ఆయన ఇవ్వలేదు. రెండు చేతులతో పొదివి పట్టుకున్నాడు. తిన్న డబ్బాని మా వైపు ఎవరూ ఖాళీగా తిప్పి పంపరు. లోపలేముందో ఆవిడ అడగలేదు, ఆయన చెప్పలేదు. నేను ఆయన పక్కనే కూర్చున్నాను కాబట్టి చూశాను. మూత అంచు చుట్టూ తీపికి ఎర్రచీమలు బారు కట్టాయి. ఆయన చేతుల మీదికి ఎక్కుతున్నాయి, కుడుతున్నాయి కూడా. ఆయన దులుపుకోలేదు.