కూర్ అనే ఊళ్ళో గది

స్విట్జర్లాండ్ వెళ్ళి రైళ్ళలో తిరగాలన్న ఆలోచన మాది కాదు. ఆష్‌బర్న్‌లో మా వీధి చివరింట్లో ఉండే అన్నయ్యగారిది. సొంత అన్నయ్య కాదు. ఎన్నో ఏళ్ళ స్నేహంలో ఆయన భార్య నాకు వదిన అయింది, ఆయన అన్నయ్యగారు అయ్యారు. ఆదివారం వాళ్ళింటికి వెళ్తే టీవీలో సినిమా ఉండేది కాదు, క్రికెట్టూ ఉండేది కాదు. రైలింజన్‌లో కెమెరా పెట్టి తీసిన వీడియో ఏదో నడుస్తుండేది. మంచు, సొరంగం, మళ్ళీ మంచు. ఆయన కాఫీ కప్పు పట్టుకుని దాన్నే చూస్తూ, "మీరు మాట్లాడుకోండి, నేను వింటూనే ఉన్నా" అనేవారు.

మా ఆయనకీ ఆయనకీ ఒక్క విషయంలోనే పడేది కాదు. అక్కడికెళ్ళి ఎక్కడ ఉండాలన్నది. ఒకే ఊళ్ళో దిగి, పెట్టెలు ఒక్కసారి విప్పుకుని, రోజూ అక్కణ్ణుంచే వెళ్ళి రావాలని మా ఆయన. రైలు ఎక్కడ ఆగితే ఆ రాత్రి అక్కడే పడుకోవాలని ఆయన. "సాయంత్రానికి వెనక్కి రావడానికైతే అంత దూరం ఎందుకు బావగారూ, ఇక్కడే మెట్రో ఎక్కి డీసీ వెళ్ళొద్దాం" అనేవారు. మా ఊళ్ళో ఒకప్పటి రైలు కట్ట మీద ఇప్పుడు నడక దారి వేశారు. దాని మీద వాకింగ్ చేస్తూ ఇద్దరూ కొన్ని చలికాలాలపాటు ఇదే వాదించుకున్నారు. ఏ హోటలూ బుక్ చేయలేదు.

ఒక అక్టోబర్‌లో అన్నయ్యగారు ఆఫీసులో కుప్పకూలిపోయారు. గుండె. హాస్పిటల్‌కి చేర్చేసరికే అయిపోయింది.

ఆ తర్వాత మేమెవరం రైళ్ళ మాట ఎత్తలేదు. వదిన కొన్నాళ్ళకి మళ్ళీ తన ఎలిమెంటరీ స్కూల్ పనిలోకి వెళ్ళింది. కూతురికి సన్నీవేల్‌లో ఉద్యోగం. అక్కడికి వచ్చి ఉండమంటే, పిల్లల గోల లేకపోతే నాకు తోచదని ఇక్కడే ఉండిపోయింది. రెండో ఏడు ఎండలు మొదలవుతుండగా ఒక శనివారం మా ఇంటికి వచ్చింది. నేను బీరకాయలు చెక్కుతున్నాను. కాసేపు కిటికీ దగ్గర నిలబడి, "వదినా, ఆ రైళ్ళకు పోదామా?" అంది.

చెక్కడం ఆపి తన వైపు చూశాను. మామూలుగానే ఉంది. "పోదాం" అన్నాను.

ఆ సాయంత్రమే మా ఆయన ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. నేను తొంగి చూస్తే రోజుకో ఊరు, రోజుకో హోటలు కనిపించింది.

"ఇన్నేళ్ళూ మీరు వద్దన్నది ఇదే కదా" అన్నాను.

"అన్నాను. ఇప్పుడు వాదించడానికి మనిషి లేడు. ఆయన అనుకున్నట్టే చేద్దాం." కళ్ళు స్క్రీన్ మీంచి తిప్పలేదు.

సంగతి తెలిసి వదిన కూతురు ఫోన్ చేసింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. "ఆంటీ, మామ్ ఒక్కతే రూమ్‌లో ఉంటే నాకు ఓకే కాదు. మీ రూమ్‌లోనే ఎక్స్‌ట్రా బెడ్ అడుగుతారా, ప్లీజ్?" తండ్రి పోయినప్పటి నుంచి ఆ పిల్ల ప్రతి మాటలోనూ ఆ భయం ఉంటోంది. అలాగేనమ్మా అన్నాను.

మరుసటి వారం వదినని పిలిచి టీ ఇచ్చి, ప్లానంతా చూపించాం. మా ఆయన ఒక్కో హోటల్ ఫోటో తెరిచి కిటికీలోంచి ఏ కొండ కనిపిస్తుందో చెబుతున్నారు. వదిన మర్యాదగా చివరిదాకా చూసింది. తర్వాత కప్పు కింద పెట్టింది.

"అన్నా, రోజుకో హోటల్ నాతోని కాదు."

"ఇది బావగారు అనుకున్నదే చెల్లెమ్మా" అన్నారు మా ఆయన.

"తెలుసు. ఎక్కడికి తీసుకపోయినా ఆయనది గిదే వరస. పొద్దున లేచి సదురుడు, సాయంత్రం విప్పుడు. నాకు అస్సలు నచ్చకపోయేది."

"ఎప్పుడూ అనలేదే వదినా" అన్నాను.

"ఆయనకు అదే సంబురం. ఎందుకు చెడగొట్టాలె అని ఊకున్న. ఆయన ఉంటే ఇప్పుడు గూడ ఊకుందును." చీర కొంగులా చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ అంది. "ఇంకోటి. నాకు వేరే రూమ్ కావాలె. మీ రూమ్‌ల మంచం వద్దు."

"మీ అమ్మాయి భయపడుతోంది."

"దానికి నేను చెప్త. ఇంట్ల రోజూ ఒక్కదాన్నే పండుకుంటున్న కద వదినా. అక్కడ పండుకుంటే ఏమైతది?"

ఆవిడ ఒక్కతే పడుకుంటోందని మాకు తెలియక కాదు. దాన్ని ఆవిడ నోట అలా మామూలుగా వినడం అదే మొదటిసారి.

మా ఆయన ల్యాప్‌టాప్ దగ్గరికి జరుపుకుని, ఒకే ఊరైతే ఏ ఊరో చూద్దామన్నారు. ముందుగా, రెండు సరస్సుల మధ్య ఉన్న ఇంటర్లాకెన్ అనే ఊరు చూపించారు. మన తిండి దొరుకుతుంది, మనవాళ్ళు కనిపిస్తారు.

"అందుకే వద్దు" అంది వదిన. "ఒక్కరే వచ్చిన్రా, సార్ రాలేదా అని అడుగుతరు. ఎంతమందికని చెప్పాలె?"

తర్వాత కార్లు రానివ్వని కొండ మీది పల్లె. కిటికీ తెరిస్తే ఎదురుగా మంచు కొండే. ఫోటో చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. వదిన మాత్రం తలూపలేదు. చీకటి పడితే కిందికి దిగే దారి లేని చోట తనకి ఊపిరాడదంది. అంత అందమైన ఫోటోలో నాకు ఆ సంగతి తట్టనే లేదు.

చివరికి తనే చెప్పింది. "ఆయన చూసే వీడియోలు ఇప్పుడు నేను పెట్టుకుంటున్న. ఇంట్ల సప్పుడు లేకుంటే ఉండబుద్ధి కాదు. అండ్ల ఒక ఊరున్నది. ఎర్ర రైలు స్టేషన్ ముందల నుంచి బయలెల్లి, బజారు నడుమ నుంచి పోతది. ఒకామె సంచి పట్టుకొని ఆగి, రైలు పోయినంక రోడ్డు దాటింది. మన దిక్కు లారీ పోయేదాక ఆగినట్టే. ఆ ఊర్ల ఉందాం."

మా ఆయన వెతికి పట్టుకున్నారు. "స్పెల్లింగ్ చూస్తే చుర్ అనిపిస్తోంది. కానీ కూర్ అనాలట."

"కూరా?" అంది వదిన. "ఏం కూర అన్నా?"

అంత నవ్వాల్సిన మాటేం కాదు. కానీ ముగ్గురం నవ్వుతూనే ఉండిపోయాం. మా ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

ఊరు తేలాక గది తేలడం సులువైంది. పాత బజార్లో ముచ్చటైన హోటళ్ళున్నాయి కానీ అంతా రాళ్ళు పరిచిన ఎత్తుపల్లాల దారి, వదినకి మోకాలి నొప్పి. స్టేషన్‌కి దగ్గర్లో ఒక సాదా హోటల్ చూసుకున్నాం. ఒకే అంతస్తులో రెండు గదులు, మధ్యలో వేరేవాళ్ళవి. వదిన గది రైలు వెళ్ళే వీధి వైపు. ఆ వైపు చప్పుడుగా ఉంటుంది, వెనక వైపు ఇవ్వమంటారా అని హోటల్ వాళ్ళు మెయిల్ చేశారు. వద్దు, అదే కావాలని రాయించింది. కూతురికి తనే ఫోన్ చేసి చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. చివరికి అటువైపు నుంచి, "ఫోన్ సైలెంట్‌లో పెట్టకు మామ్, ప్రామిస్ చెయ్యి" అన్న మాట వినిపించింది.

జూన్‌లో వెళ్ళాం. మొదటి రోజు పొద్దున బ్రేక్‌ఫాస్ట్‌కి వదిన వాచిన కళ్ళతో వచ్చింది. గది మార్పిద్దామా అని అడిగితే, "గది మంచిగనే ఉన్నది" అంది. నేను రొట్టెకి వెన్న రాసిచ్చాను. తినేసింది.

తర్వాతి రోజుల్లో ముగ్గురం కలిసే తిరిగాం. ఎత్తైన రాతి వంతెనల మీద రైలు వంపు తిరిగినప్పుడు వదిన కిటికీ దించి చెయ్యి బయటికి చాపబోయేది, మా ఆయన వద్దనేవారు. సాయంత్రం అదే స్టేషన్‌లో దిగి, అదే బేకరీలో ఏదో కొనుక్కుని గదులకి చేరేవాళ్ళం. బేకరీ అమ్మాయి మమ్మల్ని గుర్తుపట్టడం మొదలెట్టింది.

ఒకరోజు వదిన, "ఇయ్యాల ఆ ఎర్ర రైల్ల నేనొక్కదాన్నే పోయొస్త" అంది. ఆ రైలు కొండ మీద అరోసా అనే ఊరిదాకా వెళ్తుంది. మా ఆయన ఏదో అనబోతే నేను చూపుతోనే ఆపాను. మధ్యాహ్నం నుంచి ఆయన ఏదో వంకతో స్టేషన్ వైపు వెళ్ళి వస్తూనే ఉన్నారు. పొద్దు వాలుతుండగా వదిన దిగింది. ముక్కు ఎండకి కమిలి ఎర్రగా ఉంది. పైన చెరువు గట్టున ఒక ముసలావిడ బెంచీ మీద జరిగి చోటిచ్చి, చెర్రీ పళ్ళు పెట్టిందట.

"ఏం మాట్లాడుకున్నారు?" అన్నాను.

"ఆమెకు ఇంగ్లీషు రాదు. ఊరికె కూసున్నం. పండ్లన్ని తిన్నం."

మర్నాడు వాన. బ్రేక్‌ఫాస్ట్ ఎత్తేసే వేళకి కూడా వదిన కిందికి రాలేదు. మా ఆయన కంగారుపడి, ఒకసారి చూసి రమ్మన్నారు. వెళ్ళి తలుపు తట్టబోయి ఆగాను. లోపల్నుంచి చిన్నగా గురక వినిపిస్తోంది. కింద వీధిలో రైలు గంట కొట్టుకుంటూ పోయింది, అయినా గురక ఆగలేదు. చప్పుడు చేయకుండా కిందికొచ్చి ఆయనతో చెప్పాను. ఆయన ఇంకో రెండు కాఫీలు చెప్పారు.