ముందు నడిచే వంతు

శనివారం ఉదయం ఆరున్నరకు మేముండే బాతెల్ ఊరి నుంచి బయలుదేరాం. మంచులో నడిచే ఈ యాత్రకు నన్నెవరూ ఏరికోరి పిలవలేదని ముందే చెప్పేస్తున్నాను. మా తోడల్లుడు రత్నానికి పుట్టినరోజు కానుకగా అతని మనవరాలు శ్రియ టికెట్లు బుక్ చేసింది. వాళ్లావిడ మోకాళ్ల నొప్పులంటూ మానుకుంటే ఆ సీటు నాకు దక్కింది. నాకూ మనవలున్నారు. పుట్టినరోజుకి మెసేజ్ పెడతారు.

రత్నం ఎం.ఏ. నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసి, మిగతాదంతా గ్రంథాలయాల్లో చదువుకున్నవాణ్ణి. పెళ్లయిన కొత్తలో మామగారు పెద్దల్లుడినైన నన్ను పక్కన నిలబెట్టి, ఊళ్లోవాళ్లకు చిన్నల్లుణ్ణే పరిచయం చేసేవారు. ఆయన పోయారు గానీ ఆ సంగతి నాలోంచి పోలేదు.

రెండో నంబర్ హైవే మీద శ్రియ కారులో తూర్పుగా రెండు గంటలు. ముందు సీటు రత్నానిదే. కనుమ దగ్గర దిగగానే గైడ్ మేగన్ అందరికీ స్నోషూలు ఇచ్చింది. మన బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి చట్రాలవి, అడుగున ఇనప పళ్లుంటాయి. అద్దె టికెట్‌లోనే కలిసి ఉంది. వెళ్లేవాళ్లు నూలు మేజోళ్లు వేసుకోవద్దు, తడిస్తే ఆరవు. కాళ్లు ఎడంగా వేయాలి, లేకపోతే ఒక చట్రాన్ని ఇంకో చట్రం తొక్కి పడతాం. రత్నం రెండుసార్లు పడ్డాడు. మేగన్ నవ్వుతూ లేపింది, అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఒక్కసారీ పడలేదు. అది ఎవరికీ కనిపించలేదు.

చెట్ల మధ్యగా రెండు మైళ్లు ఎక్కితే గడ్డకట్టిన సరస్సు వస్తుంది. దాని గురించి లైబ్రరీలో చదివి, ఏళ్ల తరబడి చూడాలనుకుంటున్నది నేను. రత్నానికి దాని పేరు కూడా తెలియదు.

రాత్రి కురిసిన మంచు మోకాలి లోతుంది. దాన్ని తొక్కి దారి చేయడానికి ముందు ఎవరు నడుస్తారని మేగన్ అడిగింది. పెద్దవాణ్ణి, నేనే కదిలాను. నా అడుగుల్లో అడుగులేస్తూ వెనక రత్నం. నలభై ఐదేళ్లలో అతను నా వెనక నడవడం అదే మొదలు.

కాసేపటికే మేగన్ నన్ను పక్కకు తప్పుకుని వరస చివరికి వెళ్లమంది. మళ్లీ చిన్నల్లుడేనా అనుకున్నాను. నాకేం అలసట లేదని చెప్పి నడిచాను. ఆవిడ ఇంకోసారి అడిగింది. అప్పుడూ ఆగలేదు.

శ్రియ దగ్గరికొచ్చింది. “పెద్దతాతా, ఇది పనిష్మెంట్ కాదు. ఫ్రంట్‌లో చాలా టైర్డ్ అవుతారు. అందరూ టర్న్ తీసుకుంటారు.”

“కాసేపు నన్ను నడవనివ్వండి అన్నయ్యగారూ,” అన్నాడు రత్నం.

“ఎం.ఏ.లో మంచు తొక్కడం కూడా చెప్పారా?”

“చెప్పలేదు. మీ వెనక నడిచి నేర్చుకున్నాగా.”

ఆ మాటకి ఇంకా గట్టిగా అడుగులేశాను. పదకొండున్నరకు, ఒక చిన్న మిట్ట దగ్గర, తొడలు రెండూ పట్టేశాయి. కూర్చున్నవాణ్ణి లేవలేకపోయాను. మేగన్ నా చేతులు ఎంత చల్లబడ్డాయో పట్టుకు చూసి, ఇక పైకి వద్దు, నెమ్మదిగా వెనక్కి దిగమంది. సరస్సు అక్కడికి అరమైలు కూడా లేదట. తోడుగా రెండో గైడ్ ఆగాడు. తనూ ఉండిపోతానన్నాడు రత్నం. నీ జాలి నాకక్కర్లేదు, వెళ్లమన్నాను. వెళ్లాడు, అందరికంటే ముందు. మొదటి మలుపు తిరిగేలోపే మేగన్ చెయ్యి ఊపితే పక్కకు తప్పుకుని, మనవరాలికి దారి ఇచ్చి, చివర్లో చేరాడు. ఏ ఇబ్బందీ లేకుండా.

కింద కారు దగ్గర బిగుసుకుపోయిన పులిహోర తింటూ కూర్చున్నాను. రెండింటికి వాళ్లొచ్చారు.

తిరుగు ప్రయాణంలోనూ ముందు సీటు అతనిదే. ఆ అడవి చూడదగ్గది, శీతాకాలంలో తప్పక వెళ్లండి. వంతు అయిపోయిందంటే పక్కకు జరగండి. సరస్సు గురించి మాత్రం నేను రాయలేను. చూసినవాణ్ణి అడిగాను, ఎలా ఉందని.

“బాగుంది,” అన్నాడు రత్నం.

మంచు ఏ రంగులో ఉంది, అవతలి గట్టున ఏముంది, చప్పుడేమైనా వినిపించిందా అని అడిగాను. చాలాసేపు ఆలోచించాడు.

“చల్లగా ఉంది అన్నయ్యగారూ,” అని సీటు వెనక్కి వాల్చుకుని కళ్లు మూసుకున్నాడు. అంత సరస్సునూ తీసుకెళ్లి ఆ కళ్లకు చూపించారు.