అర్థం కాలేదని చెప్పాను

చాలా ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అలసిపోయాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

డెబ్బై ఒకటి యుద్ధంలో నేను బాంబర్ విమానం నడిపాను. యాదగిరి నా నావిగేటర్. విమానం ముక్కులో బోర్లా పడుకుని గురి చూసేవాడు, నాకు దారి చెప్పేవాడు, బాంబులు వదిలేవాడు. ఇద్దరం శాలిబండలో ఒకే గల్లీవాళ్లం. మా నాన్న కోస్తా నుంచి సర్కారు ఉద్యోగానికి వచ్చాడు కాబట్టి మా ఇంటి మాట వేరు, కానీ గల్లీలో నేను పెరిగింది యాదగిరి యాసలోనే. గాలిలో ఇంగ్లీషే మాట్లాడాలి. గల్లీ మాటే మాట్లాడమని అతన్ని అడిగింది నేను. అది వింటే నాకు భయం తగ్గేది.

ఆ ఉదయం ఒక రైల్వే యార్డు మీదికి వెళ్లాం. కింద తుపాకులు మొదలయ్యాయి.

“అన్నా, జర ఆగు. ఇంకా రాలే. సీదా పో.”

“ఇంకెంతసేపురా? కొడుతున్నారు!”

“నాకు చెవుల్లేవా ఏంది? తిప్పకు. ఇంటికి పోయినంక చాయ్ తాగిపిస్త. సీదా పో.”

నేను తిప్పేశాను. అతను మీట నొక్కే క్షణంలోనే విమానం ఒరిగింది. బాంబులు యార్డు పక్కన గుడిసెల మీద పడ్డాయి. పైనుంచి పొగే కనిపించింది. పొగ కింద ఎవరున్నారు? తెలుసుకునే ప్రయత్నం చేశానా? లేదు.

విచారణలో, ఎందుకు తిప్పావని అడిగారు. భయపడ్డానంటే సరిపోయేది. “పో అన్నాడు. పనైపోయింది, వెళ్లిపొమ్మన్నాడనుకున్నాను. అతని యాస నాకు అర్థం కాలేదు,” అన్నాను. యాదగిరి ఎదురు చెప్పలేదు. ఇంగ్లీషులో చెప్పనందుకు అతన్ని విమానాల నుంచి తీసేశారు. నాకు మా గల్లీలో పూలదండలు వేశారు.

నన్ను కాపాడటానికే ఊరుకున్నాడనుకున్నాను. అలా అనుకుంటే నిద్ర పట్టేది.

మొన్న చాంద్రాయణగుట్ట బస్టాపులో కనిపించాడు. కంచన్‌బాగ్ వైపు ఏదో ఫ్యాక్టరీలో పని. పక్కన కూతురు. ఆ పిల్లతో కూడా ఒక్కో మాటా విడదీసి, పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడుతున్నాడు.

“మా బాపు గిట్లనే సార్, రేడియో లెక్క,” అని నవ్విందా పిల్ల.

అతను నవ్వలేదు. “మాట సరిగ్గా చెప్పకపోతే ఏమవుతుందో నాకు తెలుసు, సార్,” అన్నాడు.

నన్ను సార్ అన్నాడు. ఆ గుడిసెలను కూల్చింది తన మాటేనని ఇన్నేళ్లూ నమ్మాడని అప్పుడు తెలిసింది. నోరు విప్పవలసింది. బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయారు.

ఈ రాతకు నా పేరు పెట్టడం లేదు. చూశారా, ఇప్పటికీ భయమే. అతని పేరు మాత్రం మార్చలేదు. చదివితే తన గురించేనని తెలియాలి. రాశాక గుండె కొంచెం తేలికపడింది, దానికీ సిగ్గుగానే ఉంది. క్షమించమని అడగను.

యాదగిరీ, నువ్వు చెప్పిన ప్రతి మాటా నాకు అర్థమైంది.