ఆఖరి ఓడ

షాద్‌నగర్ బస్టాండు ఎదుట అబ్దుల్ హమీద్ వీడియో ఆటల దుకాణంలో పాత అంతరిక్ష యుద్ధం ఆట ఒకటుంది. తెర పైనుంచి శత్రువుల ఓడలు దిగుతుంటే, కింద మన ఓడను నడుపుతూ వాటిని కాల్చాలి. బిస్కెట్ల ఫ్యాక్టరీలో పనిచేసే గ్లోరీ డ్యూటీ దిగగానే వచ్చి, కొంగు నడుముకు దోపుకొని, పెదవులు బిగించి ఆడుతుంది. ఓడిపోతే మీటను కొంగుతో తుడిచి పక్కకు జరుగుతుంది. మిగతావాళ్లకు ఆ ఆటంటే చిరాకు.

"ఆఖరి ఓడను కూల్చుడు ఎవ్వలతోని గాదు. మోసం ఆట గిది. తీసేసి కార్ల ఆట పెట్టు, హమీద్ భాయ్," అన్నాడు అక్కడ రోజూ ఆడే విజేందర్ ఒక సాయంత్రం.

"రేపే తీసేస్త," అన్నాడు హమీద్.

"ఆట మంచిదే. మనమే కాల్చుడు మీద పడి, తప్పించుకునుడు మరుస్తున్నం," అంటూ గ్లోరీ మీట పట్టుకుంది.

ఆఖరి ఓడ తెర నిండా నిప్పులు కురిపించింది. ఆమె కాల్చడం ఆపి, నిప్పుల సందుల్లోంచి తన ఓడను మెల్లగా జరుపుకుంటూ పోయింది. ఆ పెద్ద ఓడ నిప్పులు ఆపినప్పుడల్లా గురిచూసి కొట్టింది. చివరికి తెర తెల్లగా మెరిసి, ఆ పెద్ద ఓడ ముక్కలైంది. దుకాణమంతా ఈలలతో మోగిపోయింది. గ్లోరీ ముఖం వెలిగిపోతోంది.

"ఇగ గిది ఈడికెంచి కదలది," అన్నాడు హమీద్.

విజేందర్ దగ్గరికొచ్చి కాల్చే బటన్ మీద చెయ్యి పెట్టాడు. "అక్కా, జర నాకు గూడ నేర్పు."

"నేర్పుత. ముందుగాల ఆ బటన్ మీదికెంచి చెయ్యి తియ్యి," అంది గ్లోరీ.